పందెం సొమ్ము గుర్రం దాకా చేరాలంటే



ఈ ఏటి స్మారకోపన్యాసానికి ఎంచుకున్న విషయం గుర్రప్పందేలు. సాహిత్యమో చరిత్రో మాట్లాడుకోవలసిన వేదిక మీద రేసుల మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అయితే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, న్యూ మార్కెట్ దాటి మలక్‌పేట చేరేసరికి ఒక పెద్ద పచ్చటి మైదానం పక్కకు వచ్చేస్తాం. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఉన్న ఒకే ఒక్క రేస్ కోర్సు అది. ఆ గోడ పక్కనుంచి ఏళ్ల తరబడి తిరుగుతూ కూడా లోపల ఏం జరుగుతుందో చూడనివారే ఈ సభలో ఎక్కువమంది ఉండవచ్చు. వానాకాలం సీజన్లో గాంధీ జయంతి నాడు అక్కడ డెక్కన్ డెర్బీ జరుగుతుంది. చలికాలంలో గోల్కొండ డెర్బీ నడుస్తుంది. ముంబయి, బెంగళూరు, చెన్నై, కోల్‌కతాలతో పాటు దేశంలో రేసుల మీద అధికారం ఉన్న కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి.

మలక్‌పేటలో పరుగెత్తే గుర్రానిదీ, టోక్యోలోనో మెల్బోర్న్‌లోనో పరుగెత్తే గుర్రానిదీ ఒకే జాతి. మూడు శతాబ్దాల కిందట తూర్పు దేశాల నుంచి ఇంగ్లండుకు తీసుకెళ్లిన మూడు మగ గుర్రాల సంతతే లోకమంతటా థరోబ్రెడ్ పేరుతో పరుగెడుతోంది. జాతి ఒక్కటే, ఆట నియమాలూ దాదాపు ఒక్కటే. అయినా ఒక దేశంలో రేసు రోజు పండుగలా ఉంటుంది, మరో దేశంలో మైదానానికి తాళం పడుతుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందన్నదే ఇవాళ్టి ప్రశ్న.

ముందు మన ఊరి సంగతి. హైదరాబాద్‌లో రేసుల చరిత్ర 1868లో మౌలాలి దగ్గర మొదలైంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు గుర్రాలంటే ప్రాణం. 1886లో, ఇరవై ఏళ్ల వయసులో, రేసులను మౌలాలి నుంచి మలక్‌పేటకు, తన మహబూబ్ మాన్షన్ దగ్గరికి మార్పించారు. విక్టోరియా రాణి 1901లో మరణించాక ఆమె పేరిట సరూర్‌నగర్‌లోని భవనాన్ని అనాథ పిల్లల ఆశ్రమానికి ఇచ్చిందీ ఆయనే. మెట్రో స్టేషన్‌కు ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. నగరపు తూర్పు భాగం ఇంకా తోటలూ చెరువులుగా ఉన్న కాలంలో ఈ దారి మీద ఆయన వేసిన ముద్రలు ఇప్పటికీ చెరిగిపోలేదు.

1911లో ఆయన కన్నుమూశారు. మలక్‌పేటలో రేసుల వైభవం ఆయనతోనే వెళ్లిపోయింది. పందేలు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ వైపు మళ్లాయి. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడి, 1968లో మలక్‌పేటలో మళ్లీ గుర్రాలు పరుగెత్తేదాకా అర్ధశతాబ్దానికి పైగా గడిచింది. ఒక మనిషి ఇష్టం మీద నిలబడిన ఆట ఆ మనిషితోనే ఒరిగిపోయిందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

పాలకుడి ఖజానా మీద నడిచే రేసులు ఇప్పుడూ ఉన్నాయి. దుబాయ్‌లో పందెం కాయడం చట్టవిరుద్ధం. అయినా 1996లో మొదలైన దుబాయ్ వరల్డ్ కప్ ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన రేసుల్లో ఒకటి. బహుమతి సొమ్ముకు దన్ను రాజకుటుంబం.  ఆ అండ ఉన్నంతకాలం దానికి ఢోకా లేదు. కానీ అన్ని దేశాలకూ అలాంటి అండ దొరకదు. మిగిలిన చోట్ల గుర్రానికి మేత వేసేది పందెం సొమ్మే. యజమానికి వచ్చే బహుమతి, ట్రైనర్ వాటా, జాకీ ఫీజు, తెల్లవారుజామున లేచి గుర్రాన్ని మాలిష్ చేసే సైస్ జీతం, లాడాలు కొట్టేవాడి కూలి, పశువైద్యుడి ఖర్చు, అన్నీ చివరికి క్లబ్ పందేలు తీసుకునే టోట్ కిటికీ దగ్గర కొన్న టికెట్ నుంచే రావాలి. ఆ టికెట్ మీది రూపాయిలో ఎంత ప్రేక్షకుడికి తిరిగి వెళుతుంది, ఎంత గుర్రానికి చేరుతుంది, ఎంత సర్కారుకు పోతుంది? రేసులు బతికిన దేశాలనూ చితికిన దేశాలనూ వేరు చేసే గీత ఈ లెక్కలోనే ఉంది.

హాంకాంగ్ కథ ఈ సంగతిని బాగా చెబుతుంది. 1846లో, చిత్తడి నేలను ఎండగట్టిన హ్యాపీ వ్యాలీలో అక్కడ రేసులు మొదలయ్యాయి. 1884లో ఏర్పడిన జాకీ క్లబ్ లాభాపేక్ష లేని సంస్థ. చట్టబద్ధమైన పందేలన్నీ దాని చేతిలోనే ఉంటాయి. మిగులు ఆసుపత్రులకు, విద్యాసంస్థలకు, దానధర్మాలకు వెళుతుంది. అంతటి సంస్థ కూడా ఒక దశలో జారిపోయింది. 1996-97లో దాదాపు 9,200 కోట్ల హాంకాంగ్ డాలర్లు ఉన్న పందేల మొత్తం పదేళ్లలో 6,000 కోట్ల స్థాయికి పడిపోయింది. జనానికి గుర్రాల మీద మోజు తీరిందా అంటే అదేమీ లేదు. పన్నును మొత్తం పందెం మీద వేస్తున్నారు కాబట్టి గెలిచినవారి చేతికి వచ్చేది తక్కువగా ఉండేది. దాంతో పెద్ద పందెగాళ్లు పన్ను కట్టని దొంగ బుకీల దగ్గరికి మళ్లారు. 2006లో ప్రభుత్వం పన్ను పద్ధతిని మార్చింది. పందెం మొత్తం మీద కాకుండా, గెలిచినవారికి చెల్లించాక క్లబ్ దగ్గర మిగిలినదాని మీద 72.5 నుంచి 75 శాతం పన్ను పెట్టింది. రేటు వింటే గుండె గుభేలుమంటుంది. అయినా ఆ తర్వాత పందేలు క్రమంగా కోలుకుని పాత రికార్డును దాటేశాయి. దేని మీద పన్ను వేస్తున్నారన్నది ఎంత వేస్తున్నారన్నదానికన్నా ముఖ్యమని ఆ నగరం అనుభవంతో నేర్చుకుంది.

బ్రిటన్‌కూ ఇదే దారి తప్పలేదు. అక్కడ పందెం కట్టేవారి నుంచి 9 శాతం కోత కోసేవారు. పెద్ద బుకీలు జిబ్రాల్టర్‌కు వెళ్లి ఫోన్ల మీద కోత లేకుండా పందేలు తీసుకోవడం మొదలుపెట్టారు. 2001 అక్టోబరులో ఆ కోతను ఎత్తేసి, బుకీల స్థూల లాభం మీద 15 శాతం పన్ను తెచ్చారు. ఇక 1961 నుంచీ అక్కడ లెవీ అనే ఏర్పాటు ఉంది. బుకీలు తమ రాబడిలో కొంత రేసుల బాగుకు ఇచ్చి తీరాలి. ఆ రంగంలో ఉన్నవారు దాన్ని ఎంతగా కాపాడుకుంటారో చూడాలంటే 2025 సెప్టెంబరు 10ని గుర్తు తెచ్చుకోవాలి. రేసుల పందేల మీది పన్నును ఆన్‌లైన్ కాసినో ఆటల రేటుతో కలిపేసే ఆలోచనకు నిరసనగా ఆ రోజు బ్రిటన్‌లో నాలుగు మైదానాల్లో జరగాల్సిన రేసులను నిర్వాహకులే ఆపేశారు. నవంబరు బడ్జెట్‌లో గుర్రప్పందేల రేటును ప్రభుత్వం పెంచకుండా వదిలేసింది.

ఇప్పుడు మలక్‌పేట టికెట్ కిటికీ దగ్గరికి రావాలి. హైదరాబాద్ రాష్ట్రంలో రేసుల మీద పన్నుకు ప్రత్యేక చట్టం పోలీసు చర్య రోజుల నుంచే, 1358 ఫస్లీ నుంచే ఉంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక పాత లెక్కలన్నీ మారాయి. టికెట్ ముఖవిలువ మొత్తం మీద 28 శాతం వేశారు. క్లబ్ తన కమీషన్ మీద మాత్రమే పన్ను కట్టాలని కర్ణాటక హైకోర్టు 2021లో తీర్పు ఇచ్చింది. కానీ 2023 అక్టోబరులో చట్టాన్నే సవరించి ముఖవిలువ పద్ధతిని గట్టిపరిచారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ రేటు 40 శాతం అయింది. పైగా గెలుపు 10,000 రూపాయలు దాటితే 30 శాతం ఆదాయపు పన్ను మూలంలోనే కోస్తారు.

దీని అర్థం ఏమిటో కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. చేతిలో 100 రూపాయలున్న ప్రేక్షకుడు పన్నుతో కలిపి టికెట్ కొంటే అసలు పందెంలోకి వెళ్లేది 71 రూపాయలు. మిగిలిన 29 పన్ను. క్లబ్ ఒక్క పైసా తీసుకోకుండా ఆ 71నీ తిరిగి ఇచ్చేసిందనే అనుకుందాం. ఆ సొమ్మునే రెండో రేసుకు పెడితే 51, మూడో రేసుకు 36, నాలుగో రేసు ముగిసేసరికి 26 మిగులుతాయి. ఎనిమిదో రేసు అయ్యేసరికి చేతిలో ఉండేది ఏడు రూపాయల లోపే. హాంకాంగ్‌లో గెలిచే గుర్రం మీద, ముందు వరసలో వచ్చే గుర్రం మీద కాసే విన్, ప్లేస్ పందేలకు కోసేది పన్నూ క్లబ్ వాటా కలిపి 17.5 శాతమే. అక్కడ నాలుగు రేసుల తర్వాత 46 మిగులుతాయి, ఎనిమిది రేసుల తర్వాత 21. ఓడటం, గెలవడం మనిషి మనిషికీ మారుతుంది. మొత్తం జనం దగ్గర మిగిలేది మాత్రం ఇంతే.

ఇందులో మరింత బాధ కలిగించే సంగతి ఒకటుంది. 2023లో కాసినోలకు, ఆన్‌లైన్ ఆటలకు జీఎస్టీ నిబంధనల్లో 31బి, 31సి అని కొత్త నియమాలు చేర్చారు. వాటి ప్రకారం ఆటగాడు మొదట జమ చేసిన సొమ్ము మీదే పన్ను. గెలిచిన సొమ్ముతో మళ్లీ ఆడితే దాని మీద పన్ను పడదు. గుర్రప్పందేలను మాత్రం పాత 31ఏ నియమంలోనే ఉంచారు. అంటే ప్రతి రేసుకూ, ప్రతి టికెట్ మీదా మళ్లీ పన్ను. కాసినో బల్ల మీది ఆటకు ఇచ్చిన వెసులుబాటును, వందల కుటుంబాలను పోషిస్తూ, గుర్రపు జాతిని పెంచుతూ సాగే ఆటకు ఇవ్వకపోవడం అన్యాయం. 1996 జనవరిలో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందేలు నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని తేల్చింది. జాతి లక్షణాలు, గత రేసుల తీరు, మోసే బరువు, జాకీ సత్తా, ట్రాక్ పరిస్థితి, ఇవన్నీ చూసి అంచనా కట్టే ఆట ఇది. న్యాయస్థానం నైపుణ్యమన్నదాన్ని పన్ను చట్టం జూదంతో కలిపి తూస్తోంది.

తెలుగువారికి పందెం మీద ఆసక్తి తక్కువ కాబట్టి రేసులు పెరగలేదనే మాట నిలవదు. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర ఎంత సొమ్ము చేతులు మారుతుందో అందరికీ తెలుసు. కోర్టుల నిషేధాలు ఏటా వస్తాయి, బరులూ ఏటా వెలుస్తాయి. ఆ డబ్బులో ఒక్క రూపాయి కోడికి గానీ ఊరికి గానీ తిరిగి వెళ్లే ఏర్పాటు లేదు. ఇటు హైదరాబాద్‌లో, ఎల్బీనగర్ మెట్రో లైనుకు అవతలి కొసన ఉన్న మియాపూర్‌లో, 2025 మార్చిలో పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినీ, సోషల్ మీడియా ప్రముఖుల మీద కేసు పెట్టారు. అప్పటికే ఆ యాప్‌ల ఉచ్చులో పడి యువకులు ప్రాణాలు తీసుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదివే పిల్లల తల్లిదండ్రులకు ఈ భయం ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు. రేసుల్లో ఆస్తులు కరిగించుకున్నవారి కథలు కూడా మన ఇళ్లలో నిజమే, వాటిని కొట్టిపారేయడం తగదు. అయితే చట్టం కంటి ముందు, ఒక గోడ లోపల, ఖాతా రాసి నడిపే ఆటను పన్నుతో కుంగదీస్తే ఆ సొమ్ము ఆగిపోదు. ఖాతా లేని చోటికి పోతుంది. హాంకాంగ్ చూసిందీ, బ్రిటన్ చూసిందీ అదే.

పన్ను తర్వాత రెండో ఒత్తిడి భూమి. నగరం పెరిగేకొద్దీ రేస్ కోర్సు ఖాళీ స్థలంలా కనబడటం మొదలవుతుంది. సింగపూర్ టర్ఫ్ క్లబ్ 1842 నాటిది. 2010లో రేసు రోజుకు సగటున 11,000 మంది వచ్చేవారు. అదే ఏడు ఆ దేశంలో రెండు కాసినోలు తెరుచుకున్నాయి. కరోనా తర్వాత ఆ సగటు 2,600కు పడిపోయింది. క్రాంజీలోని రేస్ కోర్సు 120 హెక్టార్లు ఇళ్లకు కావాలని ప్రభుత్వం 2023లో ప్రకటించింది. 2024 అక్టోబరు 5న చివరి రేసు నడిచింది. అదే ఏడాది వసంతంలో మకావులోనూ రేసులు ముగిశాయి. అది కాసినోల నగరం, అక్కడ గుర్రం ఎక్కువకాలం నిలబడలేకపోయింది.

మన పొరుగున చెన్నైలోనూ ఇదే జరిగింది. గిండీ మైదానంలో 160 ఎకరాలను 1945లో ఏడాదికి 614 రూపాయల పైచిలుకు అద్దెకు రేస్ క్లబ్‌కు 99 ఏళ్ల లీజుకిచ్చారు. అద్దె బకాయిల వివాదం ముదిరి 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం లీజు రద్దు చేసి మైదానానికి సీలు వేసింది. తర్వాత వేళచ్చేరి వరదలను ఆపేందుకు అక్కడ చెరువులు తవ్వించింది. అంతకు కొన్ని నెలల ముందు ఊటీ రేస్ కోర్సును కూడా స్వాధీనం చేసుకుంది. ముంబయి మహాలక్ష్మి రేస్ కోర్సులో 120 ఎకరాలు పార్కు కోసం నగరపాలక సంస్థకు వెళ్లాయి, రేసులకు 91 ఎకరాలు మిగిలాయి.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతవాసులకు ఈ తర్కం కొత్త కాదు. కొత్తపేటలో 22 ఎకరాల దాకా ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారం తరలించి, 2022 ఏప్రిల్‌లో ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి కావాలని అందరమూ కోరుకున్నాం, మామిడి సీజన్లో ఆ మార్కెట్ సందడి పోయిందని బాధా పడ్డాం. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి కాలనీలు మునిగినప్పుడు, నగరానికి ఖాళీ నేల ఎంత అవసరమో నడుముల్లోతు నీళ్లలో నిలబడి తెలుసుకున్నాం. కాబట్టి మలక్‌పేట మైదానం ఎవరికోసం అన్న ప్రశ్న ఒకనాడు రాక తప్పదు. అది కొద్దిమంది సభ్యుల విలాసంగా మాత్రమే కనిపిస్తే జనం దాని పక్షాన నిలబడరు, నిలబడాలని అడగడమూ న్యాయం కాదు. రేసులు గట్టిగా నిలిచిన చోట్ల మైదానం ఊరందరిదీ. మెల్బోర్న్ కప్ 1861 నుంచి నడుస్తోంది. నవంబరు మొదటి మంగళవారం ఆ నగరానికి సెలవు. పందెం మాట ఎత్తని ఇల్లాలూ పిల్లలూ ఆ రోజు మైదానానికి వస్తారు.

చావు అంచు నుంచి వెనక్కి వచ్చిన మైదానం ఒకటి జపాన్‌లో ఉంది. ఆ దేశంలో 1954లో ఏర్పడిన జపాన్ రేసింగ్ అసోసియేషన్ పందేల అమ్మకాల్లో 10 శాతం జాతీయ ఖజానాకు ఇస్తుంది. ఆ సొమ్ములో నాలుగింట మూడు వంతులు పశుసంవర్ధనానికి, మిగిలిన వంతు సామాజిక సంక్షేమానికి కేటాయిస్తారు. పెద్ద మైదానాలు ఇలా వెలిగిపోతుంటే ప్రాంతీయ మైదానాలు మాత్రం 2000 తర్వాత ఒక్కొక్కటే మూతపడ్డాయి. షికోకు దీవిలోని కోచి కూడా ఆ వరసలోనే ఉండేది. అక్కడ హారు ఉరారా అనే ఆడ గుర్రం ఉండేది. ఒక్క రేసూ గెలవలేదు. ఓడిపోతూనే ఉన్నా ప్రతిసారీ మళ్లీ పరుగెత్తే ఆ గుర్రాన్ని చూడటానికి దేశమంతటి నుంచీ జనం కదిలివచ్చారు. 2004 మార్చిలో దేశంలోకెల్లా పేరున్న జాకీ యుటాకా టకే దాని మీద ఎక్కినప్పుడు మైదానం నిండి 13,000 మంది చేరారు. గుర్రం పదకొండింటిలో పదోది అయింది. మొత్తం 113 రేసులు, 113 ఓటములు. ఆ ఆదరణ కోచికి ఊపిరి ఇచ్చింది. 2009లో రాత్రి రేసులు మొదలుపెట్టాక, చట్టబద్ధమైన ఇంటర్నెట్ అమ్మకాలు తోడయ్యాక ఆ మైదానం నిలదొక్కుకుంది. జనం ప్రేమ దాన్ని మూతపడకుండా ఆపింది. సరైన అమ్మకపు దారి దొరికాక అది తన కాళ్ల మీద నిలిచింది. ప్రేమ ఒక్కటే ఉంటే అది మరో రెండేళ్లు మాత్రమే లాగి ఉండేది.

ఇంతసేపూ డబ్బు గురించే మాట్లాడుకున్నాం. గుర్రం గురించి చెప్పకుండా ఈ ఉపన్యాసం ముగించడం సరికాదు. థరోబ్రెడ్ ఇరవై అయిదేళ్ల దాకా బతుకుతుంది. పరుగెత్తేది అందులో కొద్ది ఏళ్లే. మిగతా జీవితానికి ఎవరు బాధ్యులు? 2025 ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌కు 57 గుర్రాలను లారీల్లో తరలించారు. అక్కడికి చేరాక అవి ఒకటొకటిగా చనిపోవడం మొదలైంది. విషయం ఆ రాష్ట్ర హైకోర్టుకు వెళ్లింది. తప్పు ఎవరిదో న్యాయస్థానాలే తేలుస్తాయి. కానీ ఈ నగరం నుంచి వెళ్లిన గుర్రాలు అవి. బ్రిటన్‌లో 2000 సంవత్సరంలోనే రిటైరైన గుర్రాలకు కొత్త పనులు నేర్పే సంస్థను రేసింగ్ రంగమే పెట్టుకుంది. పందేలు బాగా నడిచే దేశాల్లోనూ ఈ సమస్య పూర్తిగా తీరలేదు. అయినా ఆదాయం నిలకడగా ఉన్నచోట దానికో నిధి, ఓ పద్ధతి అడిగే వీలుంటుంది. ఆదాయం కుంగితే మొదట తగ్గేది గుర్రపు దాణా, ఆ తర్వాత సైస్ జీతం.

ఆదాయం కుంగకుండా చూసే దారి జీఎస్టీ మండలిలో ఉంది, అక్కడ ప్రతి రాష్ట్రానికీ ఓటుంది. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు, పశ్చిమ బెంగాల్, ఢిల్లీ, ఇవన్నీ రేసులు జరిగిన లేదా జరుగుతున్న చోట్లే. మన రాష్ట్రం తరఫున వెళ్లే మంత్రి 31ఏ నియమాన్ని సవరించమని, క్లబ్ దగ్గర మిగిలే సొమ్ము మీద పన్ను ఎంత ఎక్కువైనా వేయమని, టికెట్ ముఖవిలువను మాత్రం వదిలేయమని అడగవచ్చు. ఆ వెసులుబాటుకు బదులుగా క్లబ్ నుంచి మూడు సంగతులు రాతపూర్వకంగా తీసుకోవచ్చు. ప్రతి పందెం నుంచీ ఒక వాటా రిటైరైన గుర్రాల నిధికి, మరో వాటా సైస్‌ల పింఛనుకు, రేసులు లేని రోజుల్లో ఆ మైదానంలో మలక్‌పేట, సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ పిల్లలకు ఉదయపు వేళ ప్రవేశం.